తువ్వాలు లేని చెయ్యి

తెక్కలకోట సంతమైదానం పక్కన మా నాయనకు ఒక చిన్న అంగడి ఉండేది. పలుపులు, ముకుతాళ్ళు, చర్నకోలలు, ఎద్దుల మెడకు కట్టే తోలు పట్టీలు అమ్మేవాడు. ఒక పక్క ఉప్పు అంగడి, ఇంకో పక్క ఇనుప సామాన్ల సాయిబు. మా నాయన సంఘంలో పెద్ద. ఆదివారం వాక్యం చదివే ఆ మనిషే సంతరోజు చర్నకోలను గాలిలో ఒక్కసారి ఛెళ్ళుమనిపించి, "దీంతో కొట్టే పనే లేదప్పా, సప్పుడుకే నడుస్తాది" అనేవాడు. అది నిజమే. ఎన్నాళ్ళు నడుస్తుందన్నది ఆయన చెప్పేవాడు కాదు, కొనేవాడు అడిగేవాడు కాదు. నేను వ్యాపారం నేర్చుకున్నది ఆ చప్పుడు దగ్గరే.

సంఘంలో నన్ను పూర్తి సభ్యుడిగా చేర్చుకున్న రోజున అయ్యగారు ఒక్కొక్కరినీ అడిగారు, నీ పనిలో ప్రభువు కోసం ఏం మానుకుంటావు అని. ఒకడు సారాయి అన్నాడు, ఒకడు బీడీ అన్నాడు. నేను లేచి, "సంతలో అబద్ధమాడను" అన్నాను. వెనకనుంచి ఎవరో నవ్వారు. అప్పటికే నేను ఎద్దుల దలాలిని. దలాలి అబద్ధమాడనంటే చేప నీళ్ళు తాగనన్నట్టే.

కానీ ఆ మాట నిలబెట్టుకున్నాను. అందరూ అనుకున్నంత కష్టం కూడా కాలేదు. సంతలో నిజాలకు కరువేముంది? కుప్పలుగా పడి ఉంటాయి. వాటిలో మన బేరానికి పనికొచ్చేవి ఏరుకుని, మిగిలినవి అక్కడే వదిలేస్తే సరిపోతుంది. ఎద్దు వయసు అడిగితే పళ్ళు చూపించేవాణ్ణి. పొడుస్తుందా అంటే, దాని ముట్టె కింద నా చెయ్యి పెట్టి చూపించేవాణ్ణి. అది ఆడవాళ్ళ ఎర్రచీర చూస్తే పొడుస్తుందని ఎవరూ అడగలేదు కాబట్టి నేను చెప్పలేదు. రెండేళ్ళు తిరిగేసరికి సంతలో నాకో పేరు వచ్చింది. "ఆ క్రైస్తవ దలాలి దగ్గర తీసుకోప్పా, సుళ్ళు చెప్పే బాపతు కాదు." కన్నడంలో సుళ్ళు అంటే అబద్ధాలు. రెడ్లు, లింగాయతులు, సాయిబులు అందరూ అనేవాళ్ళు ఆ మాట. నేను తల వంచుకుని వినయంగా నిలబడేవాణ్ణి. ఆ వినయానికి కూడా గిరాకీ ఉండేది.

మా సంతలో ఎద్దుల ధర నోటితో చెప్పరు. అమ్మేవాడి చెయ్యి, కొనేవాడి చెయ్యి ఒకే తువ్వాలు కిందికి పోతాయి. ఒక్కో వేలికి ఒక్కో విలువ. పట్టుకుంటే ఇంత, వదిలితే అంత, నొక్కితే మళ్ళీ ఆలోచించు అని అర్థం. చుట్టూ ఎంతమంది ఉన్నా లోపల ఏం జరుగుతోందో తెలియదు. మా తాత కుట్టిన చెప్పులు కావాలి గానీ మా తాత చెయ్యి తగలకూడదు అనే ఊళ్ళు మావి. అలాంటి ఊళ్ళ పెద్దమనుషులు సంతలో ఆ తువ్వాలు కింద నా వేళ్ళు పట్టుకుని పావుగంట సేపు వదిలేవాళ్ళు కాదు. గుడ్డ కప్పితే అంటు పోతుంది కాబోలు. మనిషి నోరు ఏమన్నా, కళ్ళు ఎటు చూసినా, చేతిని బట్టి వాడి అవసరం ఎంతో చెప్పేసేవాణ్ణి. చెమట పడితే ఒకటి, బొటనవేలు బిగిస్తే ఇంకొకటి. ఆ విద్యలో నన్ను మించినవాడు సిరుగుప్ప తాలూకాలోనే లేడని నా నమ్మకం. ఇప్పుడు చెబితే నాకే నవ్వొస్తుంది.

కాలువ వచ్చిన కొత్తలవి. నీళ్ళతోపాటు కోస్తా జిల్లాలనుంచి రైతులు వచ్చి దిగారు. మా రేగడి నేలలు జొన్న, పత్తి తప్ప ఎరగవు. వాటిని మళ్ళు కట్టి వరి వేశారు. వాళ్ళలో ఒకాయన ఒకరోజు నా దగ్గరికి ఒక ఎద్దును తోలుకొచ్చాడు. ఎర్రది, చెవి మొదట్లో తెల్లమచ్చ, చూడటానికి గుడిలో బొమ్మలా ఉంది.

"మెరక పనికి దీనికి వంక పెట్టలేమండీ. దమ్ములో దింపితే మాత్రం కూలబడిపోద్ది. చంపినా లేవదు. ఇక్కడి ఎద్దులు బురద ఎరగవు కదా. మావైపు దున్నలే నయం. ముందే చెబుతున్నాను, తర్వాత అనుకోకండి" అన్నాడు.

ఆ సంగతి ముందే చెప్పాడు కాబట్టే అది నాకు చవకగా దొరికింది. బండ్రి వైపు మెట్ట రైతు ఎవరైనా వస్తే అమ్ముదామనుకున్నాను. ఇది కూడా నిజమే. బురద తొక్కే అవసరం లేనివాడి దగ్గర ఆ ఎద్దు హాయిగా బతికేది.

ఆ సంతకు బండ్రి రైతు రాలేదు. మా సంఘం మనిషి వచ్చాడు.

ఆయన నాకంటే పదేళ్ళు పెద్ద. పక్క పల్లెలో ఉండేవాడు. అన్నా అని పిలిచేవాణ్ణి. పుట్టింది మొదలు ఇంకొకరి మడక పట్టినవాడే తప్ప తనదంటూ ఒక సాలు దున్నింది లేదు. ఆయన భార్య చర్చిలో ఆడవాళ్ళ వరసలో ముందు కూర్చుని అందరికంటే గట్టిగా పాడేది. ఆ రోజు ఆయన నడకలోనే ఏదో తేడా ఉంది. దూరంనుంచే చెయ్యి ఊపుతూ వచ్చాడు.

"మడి దొరికిండాదప్పా నాకు! మూడెకరాలు, కోరుకు, పంటలో పాలిచ్చేటట్టు. కాలువ కిందనే. ఆంధ్రాయన ఇస్తాండాడు."

"బాగుండాదన్నా. ఏమన్నా మెలిక పెట్టినాడా?"

"పెట్టకుండా ఇస్తాడా? సొంత జత ఉండల్లంట. నీళ్ళు వదిలిన వారంలో మడి తయారు కావల్లంట. లేదంటే ఇంకొకరికి. నాకాడ ఒకటుండాది కదా, దాని జోడుది మొన్న గాలికుంటుతో పాయె. దానికి ఈడైంది ఒకటి చూడు."

ఆ ఆంధ్రాయన ఎవరని నేను అడగలేదు. దలాలికి భూమితో పనేముంది? ఆయన కళ్ళు అప్పటికే ఎర్ర ఎద్దు మీద పడ్డాయి. దాని చుట్టూ తిరిగాడు. మోపురం నిమిరాడు, గిట్టలు ఎత్తి చూశాడు, పళ్ళు చూశాడు.

అమ్మకూడదనుకుంటే ఒక్క మాట చాలు. "ఇది వద్దన్నా." ఆ మాట నా నాలుక మీదే ఉంది. ఈ ముప్పై ఏళ్ళలో ఎన్నిసార్లు అనుకున్నానో, ఆ రోజు నాకు డబ్బు అవసరమై ఉంటే బాగుండేది. ఇంట్లో ఎవరికో జబ్బు, ఏదో ఒక ఆపద. అదేం లేదు. ఆయన చెయ్యి చాపాడు, నేను అలవాటుగా భుజం మీది తువ్వాలు తీసి కప్పాను. బేరం మొదలైంది. మొదలైన బేరంలో ఓడిపోవడం నాకు చేతకాదు. నేను చెప్పగలిగిన కారణం అదొక్కటే. అది కారణం కూడా కాదు.

చెయ్యి లోపల ఉండగా ఆయన అడిగాడు. "నీకు తెల్సి దీంట్లో ఏమన్నా ఉండాదా అప్పా?"

"నిన్న గుంటకకు కట్టినానన్నా. పొద్దెక్కేదాకా లాగింది. ఒక్క దెబ్బ వేసింటే ఒట్టు."

"గుంటకకా?"

"గుంటకకే."

గుంటక తోలేది మెట్టచేలో, బురదలో కాదు; అది ఆయనకూ తెలుసు. ఆయన చెయ్యి మాత్రం తీయలేదు. వేళ్ళు పట్టలేదు, నొక్కలేదు, నా అరచేతిలో తన అరచెయ్యి అలా పెట్టి ఉంచాడు. బరువుగా, పొడిగా ఉంది. ఎంతసేపు ఉంచాడో! అంత పేరున్న నేను ఆ చేతిని ఎలా చదివానంటే, ధర దగ్గర ఆగాడనుకున్నాను. ఒక వేలు వదిలాను. అంటే తగ్గించాను. పాపానికి కూడా తగ్గింపు ధర ఇచ్చినవాణ్ణి నేను.

"సరేలే, నువ్వు కదా" అన్నాడు ఆయన. తువ్వాలు తీసేశాను.

నీళ్ళు వదిలారు. ఆ వారమంతా నేను చేసిన ప్రార్థన ఎవరూ చేసి ఉండరు. ప్రభువా, సముద్రాన్ని చీల్చి జనాన్ని నడిపించావే, ఒక ఎద్దును మూడెకరాల బురదలో నడిపించలేవా? నడిపిస్తే ఇక మీదట అడగకపోయినా చెబుతాను. దేవుడితో కూడా బేరమే. అక్కడ తువ్వాలు కప్పడానికి వీలుకాదన్న ఆలోచన రాలేదు.

ఆ రోజుల్లో మా ఆరాధనలో ఒక కొత్త పద్ధతి వచ్చింది. రొట్టె పంచకముందు అయ్యగారు బల్ల దగ్గరనుంచి ఒక మనిషి చేతిని తన రెండు చేతుల మధ్య పట్టుకుని "సమాధానం" అంటారు, అంటే నీకు శాంతి కలగాలని. ఆ మనిషి పక్కవాడికి, వాడు ఆ పక్కవాడికి, అలా చేతినుంచి చేతికి చాప చివరదాకా వస్తుంది. ఎవరితోనైనా తగువుంటే అది తేలకుండా చెయ్యి ఇవ్వకూడదని అయ్యగారు గట్టిగా చెప్పేవారు. మొదట్లో మా వాళ్ళు సిగ్గుపడ్డారు. నేను మాత్రం, ఇది మన సంత బేరమే కదా, తువ్వాలు ఒక్కటి తక్కువ అని జోకు వేశాను. చాలామంది నవ్వారు.

ఆ ఆదివారం అన్న వచ్చి నా పక్కన కూర్చున్నాడు. కాళ్ళకు మోకాళ్ళదాకా బురద ఎండి, కడిగినా పోని గీతలుగా ఉంది. ఎద్దు ఎట్లుండాదన్నా అని నేను అడగలేదు. అడిగితే చెబుతాడు కదా. సమాధానం ఆయనదాకా వచ్చింది. నా వైపు తిరిగి నా చేతిని రెండు చేతుల్లోకి తీసుకున్నాడు. అరచేతుల్లో కొత్త బొబ్బలు. ఒకటి పగిలి తడిగా ఉంది. "సమాధానం, తమ్ముడూ" అన్నాడు. నేను ఆ చేతిని చదివాను. కోపం లేదు, నిలదీత లేదు. అంటే ఎద్దు నడిచిందన్నమాట అనుకున్నాను. దేవుడికి లోపలే స్తోత్రం చెప్పి, రొట్టె తీసుకుని తిన్నాను.

తర్వాతి ఆదివారం కూడా అంతే. ఆ మరుసటి ఆదివారం ఆయన రాలేదు. ఆయన భార్యా రాలేదు. పాట మొదలుపెట్టేవాళ్ళు లేక అయ్యగారే ఎత్తుకున్నారు. వాళ్ళు సండూరు గనుల్లోకి కూలికి పోయారని, ఇల్లు తలుపు వేసి ఉందని ఆరాధన అయ్యాక ఎవరో చెప్పారు. అక్కడ కూలి బాగుంటుందట కదా అన్నాను నేను. నిజమే, బాగానే ఉంటుందట.

ఆ వారం సంతలో, ఎర్ర ఎద్దును నాకమ్మిన ఆంధ్రాయన నన్ను చూసి దగ్గరికి వచ్చాడు.

"ఏమండీ దలాలిగారూ, అంత చెప్పి ఇస్తే, తీసుకెళ్ళి మీ సంఘపాయనకే అంటగట్టారే!"

నేను చేతిలోని పలుపు కింద పెట్టాను.

"నీళ్ళొదిలాక శనివారం నేను కోరుకిచ్చిన మడి గట్టు మీద నిలబడి చూస్తున్నాను. మూడో చాలుకే కూలబడింది. చెవి మచ్చ చూసి పోల్చాను. ఏమయ్యా, ఇది నా ఎద్దే కదా, దలాలికి అన్నీ చెప్పే ఇచ్చానే, నీకు చెప్పలేదా అన్నాను."

"ఏమన్నాడు?"

"ఏమంటాడండీ. కాసేపు దాని పక్కనే బురదలో నిలబడ్డాడు. తర్వాత దాన్ని విప్పి గట్టుకు తోలి, ఆ పక్క కాడి తన మెడకెత్తుకున్నాడు. ఆవిడ వెనకనుంచి తోసింది. మూడెకరాలండీ! మనుషులయ్యే పనేనా? వారం పైనే చూశాను. నీళ్ళు మనకోసం ఆగవు కదా. మడి ఇంకొకళ్ళకి ఇచ్చేశాను. మిమ్మల్ని మాత్రం ఒక్క మాట అనలేదు లెండి."

శనివారం. ఆ తెల్లవారే ఆదివారం. అంతా తెలిసి వచ్చి నా పక్కన కూర్చున్నాడు. తెలిసి చెయ్యి ఇచ్చాడు, రెండు వారాలు. నేను ఆ పగిలిన బొబ్బను పట్టుకుని ఎద్దు నడిచిందని చదివాను.

సండూరుకు పోయాను. బళ్ళారిలో బస్సు మారి, కొండదాకా ఖనిజం లారీ ఎక్కి. ఊరికే పోలేదు. నా దగ్గరున్న వాటిలోకెల్లా మంచి జతను ఎంచి పెట్టి, దాని సంగతి దారి పొడుగునా మనసులో చెప్పుకుంటూ పోయాను. బురదలో తొక్కించి చూశాను కూడా. ఈసారి మాటల్లో వదిలిపెట్టేదేమీ లేదు.

కొండ చరియలో ఆడవాళ్ళు వరసగా కూర్చుని సుత్తెలతో రాయి పగలగొడుతున్నారు. చీరలు, జుట్టు, రెప్పలు అన్నీ ఒకే ఎరుపు. ఆమెను నేను పోల్చుకోలేకపోయాను. ఆమే నన్ను చూసింది, తల దించుకుని సుత్తె ఎత్తింది. ఆయన గంప దింపి వచ్చాడు. కుడిచేతికి గుడ్డ చుట్టి ఉంది.

"ఓ! దలాలప్ప! ఏమప్పా, ఈడ ఎద్దులేం లేవే. అన్నీ లారీలే" అని నవ్వాడు. పక్కనున్న కూలివాళ్ళతో, "మా కడెవాడు" అన్నాడు. కన్నడం కలిసిన మాట అది. మా వైపువాడు అని. అంతకుమించి నా గురించి ఏమీ చెప్పలేదు. అబద్ధమాడడు అనే మాట ఈసారి లేదు.

నేను మొదలుపెట్టాను. తప్పు చేసినానన్నా, తెలిసే ఇచ్చినాను, జత ఎద్దులు తెచ్చిస్తా, మడి పనికి చూసి పెట్టినవి, వాపసు రాండి అన్నాను.

"తెచ్చి?" అన్నాడు. "మడి పాయె కదప్పా. వాటితో ఏం దున్నాల, ఈ గుడ్డనా?" కన్నడంలో గుడ్డ అనే ఆ కొండను చూపించాడు. కోపంగా కాదు. నిజంగా అడుగుతున్నట్టే.

"నన్ను క్షమించన్నా."

ఆయన ఏమీ అనకముందే సుత్తె ఆగింది. "క్షమాపణకు వచ్చినావా, బేరానికి వచ్చినావా?" అంది ఆమె. "జత ఎద్దులిచ్చి ఏం కొనుక్కోని పోదామని?"

"వదినా..."

"ఆ ఎద్దు యాడ పాయె అని అడగవే? బండ్రి మనిషికి అమ్మినాం. వాడు పళ్ళు చూడకముందే చెప్పినాడు మీ అన్న, ఇది నీళ్ళల్లో పండుకుంటాదప్పా అని. వాడు అడగనే లేదు. వాని ఊర్లో నీళ్ళే లేవు! చెప్పిందానికి వాడు సగానికి సగం విరిచి ఇచ్చినాడు. సుమ్మనుండు, ఊరకుండు అని నేను గిల్లినా వినల్యా." అలా అంటూ ఆమె మొగుడివైపు చూసిన చూపులో కోపం ఉంది, ఇంకేదో కూడా ఉంది. "నువ్వు నిజం చెప్పల్లంటే ఒకరు అడగల్ల, అదీ సరిగ్గా ఈ మాటే అడగల్ల. మేము ఆ విద్య నేర్చుకోల్యా."

మళ్ళీ సుత్తె దెబ్బలు మొదలయ్యాయి.

మేస్త్రీ కేకేశాడు. ఆయన గంప ఎత్తుకోవడానికి వంగాడు. నేను రెండు చేతులూ చాపాను, చర్చిలో చాపినట్టు. ఆయన నా చేతులవైపు చూశాడు. తర్వాత గుడ్డ చుట్టిన తన చేతిని చూసుకున్నాడు.

"చెయ్యి బాగల్యాదప్పా. రాయి పడిండాది" అన్నాడు. గంప నెత్తికెత్తుకుని, "బస్సు తప్పిపోతాది, పో" అని వెళ్ళిపోయాడు.

ఎడమచెయ్యి ఖాళీగానే ఉంది. దాన్నైనా ఇచ్చి ఉండవచ్చు. ఎడమచెయ్యి ఇవ్వడం మర్యాద కాదని ఇవ్వలేదా? నొప్పేనా? లేక నాకు అర్థమయ్యే భాషలో, నేను ఆయనకు చెప్పినట్టే, ఒక నిజాన్ని ఏరి ఇచ్చాడా? అలా ఇచ్చే మనిషి కాదు. కానీ నాకు తెలియదు. గుడ్డ కింద ఎవరి చేతినైనా చదివే నేను, గుడ్డ చుట్టిన ఆ ఒక్క చేతిని చదవలేకపోయాను.

ఆ తర్వాత సంతలో అడగకముందే అన్నీ చెప్పడం మొదలుపెట్టాను. ఇది తంతుంది, దీనికి రాత్రిళ్ళు దగ్గు, దీని ఎడమకన్ను మసక. మూడు సంతల్లో ఒక్క ఎద్దు కదలలేదు. "ఇన్ని చెప్తాండాడంటే, చెప్పనిది ఇంకెంత పెద్దదో" అనుకుంటూ తప్పుకుపోయారు జనం. వాళ్ళది తప్పని నేను అనలేను. దలాలీ మానేసి నాయన అంగట్లో కూర్చున్నాను. ఇప్పుడు చర్నకోల అమ్మేటప్పుడు గాలిలో చప్పుడు చేయను. కొనేవాళ్ళే చేసి చూసుకుంటారు.

వాళ్ళు తిరిగి రాలేదు. రెండేళ్ళకు ఆ ఇంటి కప్పు కూలింది. ఆమె అక్కడే ఎవరి చర్చిలోనో పాడుతోందని ఒకరన్నారు, పాడటం మానేసిందని ఇంకొకరన్నారు. మళ్ళీ పోయి చూసే ధైర్యం నాకు లేకపోయింది.

ఆదివారాలు మాత్రం మానలేదు. చాప చివర, గోడ పక్కన కూర్చుంటాను. సమాధానం ముందునుంచి ఒక్కో చెయ్యీ దాటుకుంటూ నాదాకా వస్తుంది. నా అవతల గోడే కాబట్టి అది నా దగ్గర ఆగిపోతుంది. రొట్టె పళ్ళెం వచ్చినప్పుడు తల అడ్డంగా ఊపుతాను. అయ్యగారు కారణం అడిగితే చెబుదామని ఎన్నో ఏళ్ళు చూశాను. ముగ్గురు అయ్యగార్లు మారారు. ఎవరూ అడగలేదు. అడగకుండా చెప్పడం నాకు ఇప్పటికీ రాలేదు.